చెరువులో చేపపిల్లలను వదిలే ముందు జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లోని చెరువులు అనేకం గెడ్డల (వాగుల) ద్వారా నాగావళి, వంశధార వంటి నదులతో కలిసే ఉంటాయి కనుక, చేపపిల్లలను వదిలే ముందు ఆ చెరువు అలుగు నీరు చివరకు ఎక్కడికి చేరుతుందో తప్పక తెలుసుకోవాలి.

ఏ జాతిని వదులుతున్నామన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం దేశంలో నిషిద్ధం. ఇతర చేపలను తినే ఈ జాతి గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి, నీరు తగ్గిన మడుగులోనూ బతికి మన దేశవాళీ క్యాట్‌ఫిష్ అయిన మార్పు చేపకు చోటు లేకుండా చేస్తుంది. పిల్లల దశలో ఈ రెండింటినీ వేరుచేసి గుర్తించడం కష్టం గనుక, వ్యాపారి మాటతో సరిపెట్టుకోక మత్స్యశాఖ సిబ్బందికి చూపించి, హేచరీ (చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం) రసీదు దగ్గర ఉంచుకోవాలి. 1952లో దేశంలోకి వచ్చిన తిలాపియా గుడ్లను నోటిలోనే పొదుగుతూ ఏడాదికి పలుమార్లు పిల్లలు పెడుతుంది. నదిలో స్థిరపడ్డాక దానిని ఏరివేయడం దాదాపు అసాధ్యం.

బొచ్చె, శీలావతి పిల్లలతో కలిసి వచ్చిన గుర్తుతెలియని చేపలను జాలిపడి గెడ్డలో వదలకూడదు. ఇంటి అక్వేరియం చేపలకూ ఇదే వర్తిస్తుంది.

తూముకు, అలుగుకు సన్నకన్నుల జాలీని వానాకాలానికి ముందే బిగించాలి. అయితే వరద గట్టు దాటినప్పుడు జాలీ ఎందుకూ కొరగాదు. అందుచేత పల్లపు చెరువుల్లో విదేశీ జాతులను అసలు వేయకపోవడమే మేలు. వలలను బాగా ఎండబెట్టాకే మరో చెరువుకు తీసుకెళ్లాలి.