రెండో ప్రపంచ యుద్ధంలోని టార్చ్ దాడిని పిల్లలకి మ్యాప్ మీద చెప్పడం ఎలా

రాయగడలో మన పిల్లలు బళ్లో ఒడియాలో చదివినా ఇంట్లో తెలుగే కాబట్టి తెలుగులోనే చెప్పండి, ముందే తేదీలు బట్టీ పట్టించకండి. అట్లాస్‌లో ఉత్తర ఆఫ్రికా తీసి కాసాబ్లాంకా, ఒరాన్, అల్జీర్స్ మీద మూడు చింతగింజలు పెట్టించండి. 1942 నవంబరు 8న అమెరికా జనరల్ ఐజెన్‌హోవర్ కింద అమెరికా, బ్రిటన్ సేనలు దిగింది ఆ చుట్టుపక్కలే. ఇంకో అమెరికా జనరల్ ప్యాటన్ దళం నేరుగా అమెరికా నుంచే అట్లాంటిక్ దాటొచ్చింది, ఆ గీత పొడుగ్గా గీయించాలి. మొదట ఎదురుకాల్పులు జరిపింది జర్మన్లు కాదు, విషీ ఫ్రెంచివాళ్లు, అంటే జర్మనీతో రాజీపడ్డ ఫ్రాన్స్ ప్రభుత్వం సేనలు. పిల్లలు తికమకపడేది ఇక్కడే, తొందరపడకండి. తర్వాత గింజని తూర్పుకి, ట్యునీషియాకి జరపండి. 1943 ఫిబ్రవరిలో కాసరీన్ కనుమ దగ్గర జర్మన్ సేనాని రోమెల్ చేతిలో అమెరికన్లు గట్టి దెబ్బే తిన్నారు, గైడ్లు దీన్ని ఒక్క లైనులో దాటేస్తాయి, మీరు దాటేయకండి. మే 13కల్లా అక్కడి జర్మన్, ఇటలీ సేనలు లొంగిపోయాయి.