వాల్ట్జ్‌తో మొదలుపెట్టండి: బాక్స్ స్టెప్

బాల్‌రూమ్ డాన్స్, అంటే జోడీగా చేసే నాట్యం, కొత్తగా నేర్చుకునేవాళ్లకి స్లో వాల్ట్జ్ మంచి ఆరంభం. నిమిషానికి 84 నుంచి 90 బీట్లే కాబట్టి ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ముందు కదలకుండా, సంగీతంతో పాటు ఒకటి-రెండు-మూడు లెక్కపెట్టండి.

నడిపించేవారు ఒకటికి ఎడమకాలు ముందుకు వేయాలి, మడమ ముందు ఆనాలి. రెండుకి కుడికాలు పక్కకి. మూడుకి ఎడమకాలు దాని పక్కన చేర్చాలి. తర్వాత కుడికాలు వెనక్కి, ఎడమకాలు పక్కకి, కుడికాలు దగ్గరికి. ఈ ఆరు అడుగులూ కలిసి నేలమీద పెట్టె ఆకారం గీస్తాయి, అదే బాక్స్ స్టెప్. జోడీవారు ఈ రెండో సగంతో మొదలుపెడతారు.

దాదాపు అందరూ తడబడేది మూడో లెక్క దగ్గరే. కాలు చేరుస్తారు గానీ ఒంటి బరువు దాని మీదికి మార్చరు. దాంతో తర్వాత ఏ కాలు కదపాలో తెలియక ఆగిపోతారు. ఎడమకాలు చేర్చాక కుడి మడమ కాస్త ఎత్తి చూడండి. తేలిగ్గా లేస్తే బరువు మారినట్టే.

అడుగులు చిన్నవిగా వేయండి. పాదాల వైపు చూడొద్దు. తల వంగితే ఒళ్లు ముందుకు తూలి, జోడీ కాలు తొక్కుతారు. రబ్బరు అడుగున్న బూట్లు వద్దు, అవి నేలను పట్టేసి తిరిగేటప్పుడు మోకాలిని మెలిపెడతాయి.