డ్రాగ్‌కి వెళ్లే ముందు: వెనక టైర్ల గాలితో ఆటలొద్దు

పోయిన ఆదివారం రాత్రి అనకాపల్లి దాటి విశాఖ వైపు వస్తున్న కారొకటి హైవే డివైడరెక్కి పల్టీ కొట్టింది. లోపల ముగ్గురూ కుర్రాళ్లే. బెల్టులు కట్టుకున్నారు కాబట్టి ఎముకలు విరిగినా ప్రాణాలు దక్కాయి. కారుని గాజువాక ఆటోనగర్‌కి తెచ్చాక నేను చూశాను. కుడివైపు వెనక టైరు సైడ్‌వాల్ (పక్కగోడ) చుట్టూ కత్తితో కోసినట్టు తెగిపోయి ఉంది. ఎడమవైపు వెనక టైరు పైకి బాగానే కనిపించింది గానీ గేజి పెడితే 17 పీఎస్‌ఐ చూపించింది. డ్రైవరు డోరు దగ్గర కంపెనీ స్టిక్కరు మీద ఉండాల్సిన గాలి 33 అని ఉంది. డ్రాగ్ (లైను మీంచి 402 మీటర్లు తిన్నగా దూసుకుపోయే పందెం) కొట్టడానికి, పట్టు పెరుగుతుందని వెనక టైర్ల గాలి తీశారు, మళ్లీ పట్టించకుండా అవే టైర్ల మీద ఇంటికి బయల్దేరారు.

చలికాలం వస్తోంది. చల్లగాలికి ఇంజను బలం పెరుగుతుంది. అదే చలికి తారూ రబ్బరూ చల్లబడి వెనక టైరుకి పట్టు తగ్గుతుంది. అందుకే ఈ రోజుల్లో "లైను మీద చక్రం ఉత్తినే తిరిగిపోతోందన్నా, ఏం చెయ్యాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువవుతారు. హెల్మెట్టు, బెల్టు, బ్రేకు ప్యాడ్ల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను గాలి గురించే రాస్తాను. బళ్లని, మనుషుల్ని పాడు చేసిన పని నేను చూసినంతలో అదొక్కటే.

ముందుగా ఒక మాట. ఇదంతా వెనక చక్రాలు తోసే బళ్లకి: బీఎండబ్ల్యూ 330ఐ, మెర్సిడెస్ సీ క్లాస్, పాత కాంటెస్సా, స్కార్పియో, బొలెరో, ఎలక్ట్రిక్‌లో మహీంద్రా బీఈ 6. స్విఫ్ట్, ఐ20, పోలో ముందు చక్రాలతో నడుస్తాయి. బండి ఒక్కసారిగా ముందుకి దూకినప్పుడు బరువు వెనక్కి పోతుంది కాబట్టి వాటికి పట్టు తగ్గేది ముందు టైర్లకి. వెనక ఎంత వెడల్పు టైరు వేసినా డబ్బు దండగ.

గాలి సంగతి

గాలి తీస్తే పట్టు పెరుగుతుందన్న మాట ఎక్కడిది? వీడియోల నుంచి. డ్రాగ్ బండి లైను మీంచి లేచేటప్పుడు వెనక టైరు సైడ్‌వాల్ ముడతలు పడుతుంది, బండి దూసుకుపోతుంది. అది చూసి మన కుర్రాళ్లు టైరు మెత్తబడితే చాలనుకుంటున్నారు. ఆ వీడియోలో ఉన్నది డ్రాగ్ స్లిక్, అంటే గాడుల్లేని రేసు టైరు. దాని సైడ్‌వాల్‌ని ముడత పడటానికే చేస్తారు. చాలా స్లిక్కుల్లో ట్యూబు వేస్తారు, టైరు రిమ్ము మీద జారకుండా స్క్రూలు కూడా బిగిస్తారు. మీ కారుకున్న రేడియల్ టైరుకి అవేవీ లేవు. దాన్ని రిమ్ముకి అతుక్కుని ఉంచేది లోపలున్న గాలి ఒక్కటే.

రేడియల్‌లో గాలి బాగా తగ్గిస్తే ట్రెడ్డు (నేలకి ఆనే గాడుల భాగం) మధ్యభాగం లోపలికి ముడుచుకుని పైకి లేస్తుంది. నేలకి ఆనేవి రెండంచులే. అంటే ఏ పట్టు కోసం గాలి తీశారో ఆ పట్టే పోతుంది. అనుమానముంటే ట్రెడ్డుకి అడ్డంగా సుద్దముక్కతో మందంగా గీత గీసి, బండిని తిన్నగా కొంచెం దూరం నడిపి చూడండి. మధ్యలో సుద్ద మిగిలి అంచుల్లో చెరిగిపోతే గాలి తక్కువైంది. అంచుల్లో మిగిలి మధ్యలో చెరిగితే గాలి ఎక్కువుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

మామూలు రేడియల్‌కి నేను పెట్టుకున్న హద్దు స్టిక్కరు మీదున్న అంకె కంటే 4 లేదా 5 పీఎస్‌ఐ తక్కువ. అంతకంటే దిగను, ఎవరినీ దిగనివ్వను. ఒక్కోసారి 2 పీఎస్‌ఐ చొప్పున దించి, ప్రతిసారీ సుద్దగీత చూడాలి. ఇదంతా ట్రాకు లోపలే. గేటు దాటే ముందు మళ్లీ స్టిక్కరు అంకెకి గాలి కొట్టాలి. కారులో 12 వోల్టుల కంప్రెసరు, సొంత గేజి లేనివాళ్లు అసలు గాలే తీయకూడదు. రాత్రి పదకొండింటికి ఏ పంచరు షాపు తెరిచి ఉంటుంది?

హైవే మీద జరిగేది ఇదీ. మామూలు కారు టైరు చుట్టుకొలత ఇంచుమించు 2 మీటర్లు. గంటకి 100 కిలోమీటర్ల మీద అది సెకనుకి 14 సార్లు తిరుగుతుంది. గాలి తక్కువుంటే తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ బాగా వంగి లేస్తుంది. ఆ వంగుడుకి లోపల వేడి పుట్టి రబ్బరుకీ దారాలకీ మధ్య అతుకు వదులుతుంది. బయటికి ఏమీ కనపడదు. స్టీరింగుకి కూడా తెలియదు, ఎందుకంటే మెత్తబడింది వెనక టైరు. తెలిసేసరికి టైరు ఉండదు. సైడ్‌వాల్ మీద 91వీ అని ఉంటే ఆ టైరు 615 కిలోలు మోస్తుంది, 240 వేగం తట్టుకుంటుంది. గాలి సరిగా ఉన్నప్పటి మాట అది. గాలి తీస్తే ఆ అంకెలు చెల్లవు.

ఇంకొకటి. లైను మీద గట్టిగా వదిలినప్పుడు రిమ్ము తిరిగి, టైరు దాంతోపాటు తిరక్కుండా కొంచెం జారొచ్చు. టైరు మీద, రిమ్ము మీద కలిపి ఒకే గీత గీసి పెట్టుకోండి. రన్ అయ్యాక రెండు ముక్కలూ ఎదురెదురుగా లేకపోతే టైరు జారినట్టే. బ్యాలెన్సింగ్ కూడా పోయి ఉంటుంది. ఆ టైరుతో ఇంకో రన్ చెయ్యొద్దు.

గాలి తియ్యకుండా పట్టు పెంచేవి

వీటి మీద ఎవరికీ ఆసక్తి ఉండదు, అదే నా బాధ. ముందు టైరు వయసు చూడండి. సైడ్‌వాల్ మీద నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ట్రెడ్డు ఎంత మిగిలినా, అన్నేళ్లు ఎండకీ ఉప్పుగాలికీ నిలబడిన రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది. గాలెంత తీసినా దానికి పట్టు రాదు. ట్రెడ్‌వేర్ అంకె కూడా చూడండి. 400 ఉన్న టైరు ఎక్కువ రోజులు వస్తుంది, 200 ఉన్నది త్వరగా అరిగినా నేలని బాగా పడుతుంది.

స్ప్రింగులు కోసి బండిని కిందికి దించేశారా? చాలా బళ్లకి అప్పుడు వెనక చక్రాలు పైన లోపలికి వాలిపోతాయి. తిన్నగా పోయే పరుగులో లోపలి అంచే ఆనుతుంది. అలైన్‌మెంట్ చేయించి ఆ వాలు తగ్గిస్తే, టైరు మార్చకుండానే పట్టు వస్తుంది. వెనక ఆర్ముల బుష్‌లు పోయినా, బొలెరోలాంటి బళ్లలో కమాన్ పట్టీలు నీరసపడినా చక్రం ఎగిరెగిరి పడుతుంది. దాన్ని టైరు తప్పనుకుని మళ్లీ గాలి తీస్తారు.

పట్టు పెరిగాక మరో ప్రమాదముంది. ఇన్నాళ్లూ జారిపోతూ ఫ్యూజులా పనిచేసింది టైరే. అది జారడం మానేస్తే ఆ దెబ్బంతా క్లచ్చు, ఇంజను బలాన్ని వెనక్కి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు, క్రౌను, యాక్సిళ్ల మీద పడుతుంది. పాత బండికి స్లిక్ వేసేముందు షాఫ్టు జాయింట్లు చూపించండి, షాఫ్టు ముందుభాగం చుట్టూ ఇనుప లూపు వేయించండి. ముందు జాయింటు తెగితే షాఫ్టు నేలకి గుచ్చుకుని బండిని ఎత్తి పడేస్తుంది.

మిగతావి వరసగా రాసేస్తున్నా.

లైనుకి ముందు చక్రాన్ని ఉన్నచోటే తిప్పడానికి (బర్నౌట్) పోసిన నీళ్లలోకి ట్రెడ్డున్న టైరుతో దిగొద్దు, పక్కనుంచి తిప్పుకెళ్లండి. గాడుల్లో చేరిన నీళ్లు సరిగ్గా లైను మీదే కారుతాయి.

రోడ్డు టైరుకి బర్నౌట్ అంటే దుమ్ము దులపడమే. పొగ వచ్చేదాకా తిప్పితే రబ్బరు జిడ్డుతేలి పట్టు తగ్గుతుంది.

10 డిగ్రీల వేడికి టైరులో గాలి ఇంచుమించు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. చల్లటి టైరుకీ వేడెక్కిన టైరుకీ అంకెలు పోల్చొద్దు.

పెట్రోలు, థిన్నరు, కిరోసిను, బ్రేకాయిలు... ఏదీ టైరు మీద పొయ్యొద్దు. ఏదీ.

బరువు కోసం డిక్కీలో ఇసక బస్తా వద్దు. చివర్లో బ్రేకు కొడితే అది సీటు మీదికొస్తుంది.

వెనక ఒక పక్క స్టెప్నీ వేసి పరిగెత్తొద్దు.

చక్రాన్ని బయటికి జరపడానికి రిమ్ము వెనక పెట్టే చౌక స్పేసర్లు వద్దు.

ఎలక్ట్రిక్ బండిలో చక్రం జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ తియ్యొద్దు. సున్నా నుంచే టార్కు మొత్తం వస్తుంది, ముందు హెచ్చరించడానికి ఇంజను మోత కూడా ఉండదు.

స్లిక్కులతో రోడ్డెక్కొద్దు. వానలో అయితే మరీ.

వెనక పట్టు పెరిగితే 402 మీటర్ల చివర వేగం కూడా పెరుగుతుంది. ఆగడానికి ఎంత చోటుందో కాళ్లతో నడిచి చూడండి, తర్వాతే లైను మీదికి వెళ్లండి.

బీచ్ రోడ్డు మీద కాదు. రుషికొండ దగ్గరా కాదు, భీమిలి దారిలోనూ కాదు, అర్ధరాత్రి కూడా కాదు. అక్కడ తారు మీద ఇసకుంటుంది, ఉప్పు తడి ఉంటుంది, మనుషులుంటారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారే మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. విశాఖలో డ్రాగ్‌కి ట్రాకు లేదు, నిజమే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉంది, ఇక్కణ్నుంచి ఇంచుమించు 800 కిలోమీటర్లు. వెళ్లండి, నేను వద్దనను.

అంతదూరం వెళ్తే రేసు టైర్లు వేరే రిమ్ములకి వేయించి డిక్కీలో తీసుకెళ్లండి, రోడ్డు టైర్ల మీద వెళ్లి రోడ్డు టైర్ల మీదే రండి. అప్పుడు గాలి తియ్యాల్సిన అవసరమే ఉండదు. వీల్ నట్లు టార్కు రెంచితో, మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి, కాలితో తొక్కి కాదు. వచ్చేటప్పుడు సూళ్లూరుపేట దగ్గర ఆగి నట్లు మరోసారి బిగించండి, నాలుగు టైర్లకీ గేజి పెట్టండి. అంకె స్టిక్కరుతో కలవకపోతే ఎంత ఆలస్యమైనా అక్కడే గాలి కొట్టండి.