ఐరిష్ సాహిత్యం చదువుదాం – 4వ పాఠం: పేర్లు దాచిపెట్టిన కవిత

కిందటి పాఠంలో 1907లో సింజ్ నాటకం మీద అబీ థియేటర్‌లో రేగిన గొడవ చూశాం. ఈసారి డబ్ల్యూ.బి. యేట్స్ కవిత 'ఈస్టర్ 1916'. మొత్తం 80 పంక్తులు. నోట్సు జోలికి పోకుండా ముందొకసారి పైకి చదవండి. సగం అర్థం కాకపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు కాగితం మీద మూడు తేదీలు వేసుకోండి: సంగతి ఎప్పుడు జరిగింది, కవి ఎప్పుడు రాశాడు, జనం చేతికి ఎప్పుడొచ్చింది. రాజకీయ కవిత ఏది చదివినా నేను మొదట చేసే పని ఇదే.

జరిగింది 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం. అప్పుడు ఐర్లండ్ బ్రిటిష్ పాలనలో ఉంది. ప్రపంచయుద్ధం నడుస్తుండగా, ఆ పాలన మీద తిరుగుబాటు చేసినవాళ్లు డబ్లిన్ జనరల్ పోస్టాఫీసును పట్టుకుని రిపబ్లిక్ ప్రకటించారు. 29న లొంగిపోయారు. ఊళ్లో చాలామంది వాళ్లను తిట్టుకున్నారు కూడా. గాలి మళ్లింది ఆ తర్వాతే. మే 3 నుంచి 12 దాకా బ్రిటిష్ సైన్యం తిరుగుబాటు నాయకులను విడతలవారీగా కాల్చి చంపింది. గాయాలతో నిలబడలేని జేమ్స్ కానలీని కుర్చీకి కట్టి మరీ కాల్చారు.

కవిత కింద యేట్స్ వేసిన తేదీ 1916 సెప్టెంబర్ 25. మొదట 25 ప్రతులే అచ్చయి తెలిసినవాళ్ల మధ్య తిరిగాయి. అందరికీ అందింది 1920 అక్టోబర్ 23న, లండన్ పత్రిక 'న్యూ స్టేట్స్‌మన్'లో. అప్పటికి ఐర్లండ్‌లో స్వాతంత్ర్య యుద్ధం సాగుతోంది. కార్క్ మేయర్ టెరెన్స్ మెక్‌స్వీనీ లండన్ జైల్లో నిరాహారదీక్షలో ఉన్నాడు, ఆ తర్వాత రెండు రోజులకే చనిపోయాడు. సంతాపంగా రాసిన కవిత పాలకుల రాజధానిలోనే నిలదీతగా దిగిందన్నమాట. నాలుగేళ్లు ఎందుకు ఆగాడు? భయమా, లౌక్యమా? నా మటుకు రెండూ ఉన్నాయనిపిస్తుంది.

ఇక పేర్ల సంగతి. రెండో చరణంలో తిరుగుబాటులో పాల్గొన్న నలుగురు వస్తారు, ఒక్కరి పేరూ ఉండదు. వాదించి వాదించి గొంతు కీచుగా మారిన ఆవిడ కాన్‌స్టన్స్ మార్కివిచ్. బడి నడిపిన కవి పాట్రిక్ పియర్స్. అతని సహాయకుడూ మిత్రుడూ థామస్ మెక్‌డోనా. (తర్వాత రాష్ట్రపతి అయిన మన వి.వి. గిరి ఆ రోజుల్లో డబ్లిన్‌లోనే లా చదువుతున్నారు, మెక్‌డోనా ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన యూనివర్సిటీ కాలేజీలోనే.) నాలుగోవాడిని కవి తాగుబోతు, డాంబికుడు అంటాడు. ఆయన జాన్ మెక్‌బ్రైడ్. యేట్స్ ఏళ్ల తరబడి ప్రేమించిన మాడ్ గాన్‌ను పెళ్లాడి, విడిపోయినవాడు. ఆవిడను బాధపెట్టాడన్న కసి కవిత దాచదు.

ఇప్పుడు చివరి పంక్తులకు దూకండి. అక్కడ పేర్లు పలుకుతాడు: మెక్‌డోనా, మెక్‌బ్రైడ్, కానలీ, పియర్స్. కసి ఉన్నవాడికీ చోటిచ్చాడు. మార్కివిచ్ పేరు మాత్రం లేదు. ఆమె మరణశిక్షను యావజ్జీవంగా మార్చారు, అది చనిపోయినవాళ్ల జాబితా. ఈ కవితలో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ పేర్ల ఎత్తే: మనుషులుగా ఉన్నంతసేపు పేరు లేదు, చచ్చాకే పేరొచ్చింది.

పేర్ల ముందొక ప్రశ్న ఉంటుంది, దాన్ని దాటిపోకండి. ఇంగ్లండ్ మాట నిలబెట్టుకుంటుందేమో, అలాంటప్పుడు ఈ చావులు అక్కర్లేనివేమో అంటాడు. ఆ మాట హోమ్‌రూల్ చట్టం, అంటే ఐర్లండ్‌కు స్వపరిపాలన ఇస్తామన్న చట్టం. 1914లో ఆమోదం పొందినా యుద్ధం ముగిసేదాకా పక్కన పెట్టారు. ఇది తెలియకపోతే ఆ పంక్తి ఉత్త నిట్టూర్పులా వినిపిస్తుంది. మాడ్ గాన్‌కు ఈ కవిత నచ్చలేదు, ఆ మాట యేట్స్‌కు ఉత్తరంలో మొహమాటం లేకుండా రాసింది. వీరులను పొగుడుతూనే సందేహించే కవిత ఆమెకు రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అభ్యాసం: మూడో చరణం తీసుకోండి. కదిలేవన్నీ ఒక పక్క, కదలనిది మరోపక్క రాయండి. రెండో పక్కన ఒకే ఒక్కటి మిగలాలి. అది తిరుగుబాటుదారులను మెచ్చుకోవడమా, తప్పుపట్టడమా? ఐదారు వాక్యాల్లో మీ జవాబు రాసి, ప్రతి వాక్యానికీ కవితలోంచి ఒక పంక్తి ఆధారం చూపండి. వచ్చే పాఠంలో 1926కి వెళ్దాం. ఇదే తిరుగుబాటు మీద షాన్ ఓకేసీ రాసిన నాటకానికి అబీలో మళ్లీ గొడవ జరిగింది.