వెల్డర్ అప్రెంటిస్‌గా చేరి పని నేర్చుకోవడం ఎలా?

వెల్డింగ్ నేర్చుకోవాలనుకునే కుర్రాడికి మన దగ్గర మామూలుగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ బాలానగర్‌లోనో తెలిసిన మేస్త్రి దగ్గర హెల్పర్‌గా చేరిపోవడం. రెండోది ఐటీఐ. షాపులో చేరినవాడికి చేయి తిరుగుతుంది గానీ చేతిలో కాగితం ఉండదు. ఐటీఐ చదివినవాడికి కాగితం ఉంటుంది, చేయి తిరిగేన్ని రాడ్లు మాత్రం కాల్చి ఉండడు. ఈ రెండు లోట్లూ పూడ్చేది అప్రెంటిస్‌షిప్. ఎవరైనా అడిగితే, ముందు ఐటీఐ, ఆ వెంటనే అప్రెంటిస్‌షిప్ అనే నేను చెబుతాను.

1. టెన్త్ వదలకండి

ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు. చేరడానికి ఎనిమిదో తరగతి పాసైతే చాలు. అందుకే చాలామంది టెన్త్ మధ్యలో వదిలేసి వస్తారు. ఓపెన్ స్కూల్‌లో అయినా సరే, దాన్ని పూర్తి చేయండి. రైల్వే అప్రెంటిస్ ఎంపికలో రాతపరీక్ష ఉండదు, టెన్త్ మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ కడతారు. ఇంకో సంగతి, టెన్త్ పాస్ కాకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వెళ్తుంది. అంటే గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. పదేళ్ల తర్వాత కువైట్ వెళ్దామనుకున్నప్పుడు గుర్తొచ్చే విషయం ఇది.

2. కాగితం మీద చేరండి

అప్రెంటిస్ అనే మాటకు 1961 నాటి అప్రెంటిస్ చట్టం అర్థం చెబుతుంది. కంపెనీకీ మీకూ మధ్య ఒప్పందం రాసుకుని, దాన్ని ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో నమోదు చేస్తేనే మీరు అప్రెంటిస్. లేకపోతే హెల్పరే. ఆధార్, ఐటీఐ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా వివరాలతో పోర్టల్‌లో మీరే రిజిస్టర్ చేసుకుని, వెల్డర్ ట్రేడ్‌లో ఖాళీలు వెతకవచ్చు. దక్షిణ మధ్య రైల్వే, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ వంటివి వేరుగా నోటిఫికేషన్లు ఇస్తుంటాయి, వాటి మీదా కన్నేసి ఉంచండి.

2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కి నెలకు కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ అని పెట్టారు. మీరు చేరే నాటికి నోటిఫికేషన్‌లో ఎంతుందో చూసుకోండి. శిక్షణలో గాయపడితే నష్టపరిహారం పొందే హక్కు కూడా ఈ చట్టం ఇస్తుంది. "ముందు పనిలోకి రా తమ్ముడూ, కాగితాలు తర్వాత చూద్దాం" అనే ఓనర్ దగ్గర ఆ రక్షణ కాగితంతో పాటే పోతుంది. మొహమాటపడకుండా ఒప్పందం రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. అప్రెంటిస్‌షిప్ అయ్యాక అదే కంపెనీ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదని మాత్రం ముందే తెలుసుకోండి. రైల్వేలో అయితే లెవెల్-1 (పాత గ్రూప్-డి) పోస్టుల్లో 20 శాతం, రైల్వే సంస్థల్లో అప్రెంటిస్ పూర్తి చేసినవారికి కేటాయిస్తారు.

3. ముందు కళ్లు, తర్వాత బట్టలు

ఆర్క్ వెల్డింగ్‌కి (కరెంటు మెరుపుతో ఇనుము కరిగించి అతికే పద్ధతి) ముఖానికి అడ్డం పెట్టుకునే షీల్డులో 10 లేదా 11 నంబర్ నల్ల అద్దం ఉండాలి. గ్యాస్ కటింగ్‌కి 5 నంబర్ చాలు. షాపుల్లో ఒక పాడు అలవాటు ఉంది: ట్యాక్ (ముక్కలు కదలకుండా ముందు వేసే చుక్క అతుకు) వేసేటప్పుడు "ఒక్క చుక్కే కదా" అని షీల్డు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని వేసేయడం. నేనూ చేశాను. కళ్లు మూసేలోపే ఆ వెలుగు తగిలేస్తుంది. పగలంతా ఏమీ తెలియదు. అర్ధరాత్రి కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టు మంట, నీళ్లు కారడం. ఆర్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చడం వల్ల వచ్చే బాధ ఇది. ఎవరేం చెప్పినా కళ్లలో ఏదీ పోయకండి, కళ్ల డాక్టర్‌కి చూపించండి.

బట్టలు మందపాటి కాటన్‌వే వేసుకోండి. పాలిస్టర్ అయితే నిప్పురవ్వ పడ్డచోట కరిగి చర్మానికి అతుక్కుంటుంది. ప్యాంటు అంచు బూటు మీదికి రావాలి, లోపలికి దోపితే రవ్వలు నేరుగా బూటులోకే వెళ్తాయి. చెమటతో తడిసిన గ్లౌజులతో రాడ్డు మార్చకండి, వెల్డింగ్ ఆపినప్పుడు కూడా రాడ్డును పట్టి ఉంచే హోల్డర్‌లో 70, 80 వోల్టులు ఉంటాయి. పెట్రోలు, డీజిల్ పోసిన డ్రమ్ము ఖాళీగా కనిపించినా దానికి మంట చూపించకండి. లోపల మిగిలిన ఆవిరి బాంబులా పేలుతుంది. మేస్త్రి చేయమన్నా సరే, చేయనని చెప్పాల్సిన పని ఇదొక్కటి.

4. హోల్డర్ కంటే ముందు గ్రైండర్

మొదటి వారాలు మీ చేతికి హోల్డర్ ఇవ్వరు. గ్రైండింగ్, కటింగ్, మార్కింగ్, చిట్టెం (అతుకు మీద పేరుకునే పెంకు) కొట్టడం, ఇవే. విసుగ్గానే ఉంటుంది. కానీ తుప్పు, రంగు, నూనె మిగిలిన చోట ఎంత గొప్ప వెల్డర్ వేసినా అతుకులో గాలి బుడగలు పడతాయి.

5. ఆర్క్ వెలిగించడం, నిలపడం

6 మి.మీ. మందం ఉన్న పనికిరాని ప్లేటు ముక్క, 3.15 మి.మీ. మందం ఉన్న 6013 రకం రాడ్డు తీసుకోండి. షాపులో దీన్ని పది గేజ్ రాడ్డు అంటారు. కరెంటు 90 నుంచి 130 ఆంపియర్ల మధ్య. 2.5 మి.మీ. రాడ్డుకైతే 60 నుంచి 90. మెషీన్ మీద ముల్లు చూపే అంకెను మరీ నమ్మకండి. పాత మెషీన్లు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి, మీ మెషీన్ సంగతి రెండు రాడ్లు కాలిస్తే తెలుస్తుంది.

ఎర్త్ క్లాంప్ (మెషీన్ రెండో కేబుల్ చివరి పట్టు) శుభ్రమైన ఇనుముకు పట్టించండి. రాడ్డును అగ్గిపుల్ల గీసినట్టు గీసి, వెలగగానే కొద్దిగా ఎత్తండి. కొత్తలో రాడ్డు అతుక్కుపోతుంది, అందరికీ అంతే. మణికట్టు తిప్పి విదిలించండి. రాకపోతే హోల్డర్ నొక్కి రాడ్డును వదిలేయండి, లాగుతూ కూర్చుంటే అది ఎర్రగా కాలిపోతుంది.

వెలిగాక రాడ్డు కొనకూ ప్లేటుకూ మధ్య సందు ఇంచుమించు రాడ్డు మందమంతే ఉండాలి. రాడ్డును మీరు సాగే దిక్కుకు 15 డిగ్రీలు వాల్చండి. ఇక అసలు సంగతి: వెలుగు వైపు చూడకండి. దాని వెనకాల కరిగిన ఇనుము చిన్న మడుగులా కనిపిస్తుంది, చూపు దాని మీద ఉండాలి. మడుగు వెడల్పు మారకుండా ఉంటే బీడ్, అంటే అతుకు వరస, దానంతటదే సమంగా వస్తుంది. రాడ్డు కాలుతూ పొట్టిదవుతున్న కొద్దీ చేయి కిందికి దిగుతూ ఉండాలి. ఒకేసారి ముందుకీ కిందికీ కదలడం, కష్టమంతా ఇక్కడే. మోచేయిని దేనికైనా ఆనించండి, వణుకు సగం తగ్గుతుంది.

చెవులు కూడా వాడండి. సరైన సందులో మూకుడులో బజ్జీలు వేగినట్టు ఒకే తీరుగా చిటపట వినిపిస్తుంది. సందు పెరిగితే బుసకొట్టినట్టు మారి రవ్వలు ఎగురుతాయి.

చల్లారాక చిట్టెం కొట్టి చూడండి. బీడ్ అంచుల వెంట గీత తవ్వినట్టుంటే అండర్‌కట్, కరెంటు ఎక్కువైంది లేదా సందు పెరిగింది. పురుగు కూర్చున్నట్టు ఉబ్బెత్తుగా ప్లేటు పైన ఉండిపోతే కరెంటు చాలలేదు.

6. మీ అతుకును మీరే విరగ్గొట్టండి

రెండు ముక్కలను టీ ఆకారంలో పెట్టి ఒకవైపే అతికించి, అతుకు ఉన్న వైపుకే వంగేలా రెండోవైపు నుంచి సుత్తితో కొట్టి విరగ్గొట్టండి. పైకి నిగనిగలాడిన అతుకు లోపల చిట్టెం ఇరుక్కుని, మూలకు ఇనుము చేరనే లేదని అప్పుడు తెలుస్తుంది. పది బీడ్లు వేసి మురిసిపోవడం కంటే ఒక్కటి విరిచి చూడటం ఎక్కువ నేర్పుతుంది.

పడుకోబెట్టిన ప్లేటు మీద చేయి కుదిరాక నిలువు, ఆ తర్వాత నెత్తి మీద వెల్డింగ్. నిలువులో కింది నుంచి పైకి, కరెంటు కొంచెం తగ్గించి, కరిగిన ఇనుము గట్టిపడిన మెట్టు మీద తర్వాతి మెట్టు కట్టుకుంటూ వెళ్లాలి.

7018 రకం రాడ్లు వాడే చోట చేరితే ఓవెన్ సంగతి నేర్చుకోండి. వాటి పూత గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆ తేమలోని హైడ్రోజన్ అతుకులోకి చేరి, పని అయిపోయిన గంటల తర్వాత కూడా పగుళ్లు తెస్తుంది. అందుకే వాటిని 300, 350 డిగ్రీల దగ్గర కాల్చి, వేడిగానే వాడతారు. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో ఓవెన్ వాడకపోతే ఇంక చెప్పక్కర్లేదు.

7. పరీక్షలు

అప్రెంటిస్‌షిప్ చివర పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. పైపులైన్లు, రిఫైనరీల పనికి మాత్రం అది చాలదు, అక్కడ 6జీ అనే పైపు వెల్డింగ్ టెస్ట్ అడుగుతారు. పైపును 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, తిప్పకూడదు. వెల్డరే చుట్టూ తిరుగుతూ కింద, పక్కన, పైన ఒకే అతుకుగా పూర్తి చేయాలి. గల్ఫ్ ఏజెంట్ల ట్రేడ్ టెస్టుకు వెళ్లేముందు ఆ ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోండి. తెలంగాణ వారికి విదేశీ ఉద్యోగాలు చూపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది.

చాలా ప్రాజెక్టుల్లో పాటించే ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్ ప్రకారం, ఒక పద్ధతిలో 6 నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ పద్ధతికి ఉన్న అర్హత పోతుంది, మళ్లీ టెస్ట్ ఇవ్వాలి. ఏ తేదీన, ఏ పద్ధతిలో వెల్డింగ్ చేశారో నోటుబుక్కులో రాసుకుని, వీలైతే సూపర్‌వైజర్ చేత సంతకం పెట్టించుకోండి.