ఫోన్, ఇంటర్నెట్ కంపెనీ మాట వినకపోతే ఫిర్యాదు ఎలా చేయాలి?

మా అమ్మ ఫోనుకి రీఛార్జి చేసిన వారానికే బ్యాలెన్సు తరిగిపోయింది. ఆరా తీస్తే కాలర్ ట్యూన్ పేరుతో కోసుకున్నారని తేలింది. ఆవిడ అడిగింది లేదు, ఏ బటన్ నొక్కిందో ఆవిడకే తెలియదు. రీఛార్జి షాపు అబ్బాయి కస్టమర్ కేర్‌కి చేయమన్నాడు, కస్టమర్ కేర్ వాళ్లు ‘చూస్తాం మేడమ్’ అని పెట్టేశారు. నాకు కోపం వచ్చి, ఏకంగా ఢిల్లీకే రెండు పేజీల ఉత్తరం రాశాను. డబ్బు రాలేదు. తట్టిన తలుపే తప్పని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. మీకు అన్ని రోజులు పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు: ఎవరి పని ఏది?

ఇది తెలియకపోవడం వల్లే చాలామంది ఫిర్యాదులు గాలికి పోతాయి. మన దేశంలో తంతి, ఫోను వ్యవస్థ నడిపే హక్కు కేంద్ర ప్రభుత్వానిదేనని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 4వ సెక్షన్‌లోనే రాసిపెట్టారు. ప్రైవేటు కంపెనీ ఏదైనా ఆ హక్కును లైసెన్సు రూపంలో తీసుకుని నడుపుతుంది. ఆ లైసెన్సు ఇచ్చేది టెలికాం శాఖ, అంటే డాట్. బదులుగా కంపెనీ ఏటా తన ఆదాయంలో లెక్కకు వచ్చే భాగం మీద 8 శాతం ఫీజు కడుతుంది. 2013 నుంచి రకరకాల సేవలను ఒకే గొడుగు కిందికి తెస్తూ యూనిఫైడ్ లైసెన్సు పెట్టారు. 2023లో వచ్చిన కొత్త టెలికమ్యూనికేషన్ చట్టం దీన్ని లైసెన్సు అనకుండా ఆథరైజేషన్ అంటోంది. ఆ చట్టంలో కొన్ని సెక్షన్లు 2024 జూన్ 26 నుంచి అమల్లోకి వచ్చాయి.

1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పని నిబంధనలు పెట్టడం, కంపెనీలు వాటిని పాటిస్తున్నాయో లేదో చూడటం. ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకుని తీర్పు చెప్పే అధికారం దానికి లేదు. కంపెనీల మధ్య, కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య తగవులు తీర్చడానికి 2000లో టీడీశాట్ అనే ట్రిబ్యునల్ పెట్టారు. మీ 99 రూపాయల గొడవ అక్కడా వినరు. అయితే మీ మాట వినక తప్పని ఏర్పాటు ఒకటి ప్రతి కంపెనీలో ఉండాలని ట్రాయ్ 2012 నిబంధనల్లో ఉంది. కస్టమర్ కేర్ మనకు చేసే ఉపకారమేమీ కాదు, నిబంధన ప్రకారం వాళ్లు చేసి తీరాల్సిన పని. ఫోన్ చేసేటప్పుడు ఇది మనసులో ఉంటే మన గొంతే మారుతుంది.

1. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో చూడండి

మొబైల్ అయితే చిక్కు లేదు. తలనొప్పంతా ఇంటికి వచ్చే ఇంటర్నెట్‌తోనే. కనెక్షన్ ఇచ్చింది మన వీధి కేబుల్ అతను, నెలనెలా డబ్బు తీసుకెళ్లేదీ అతనే. కానీ చాలాసార్లు అతను ఇంకో కంపెనీకి ఫ్రాంచైజీ మాత్రమే. ఇంటర్నెట్ లైసెన్సుల్లో మూడు తరగతులున్నాయి: దేశమంతటికీ ‘ఎ’, ఒక సర్కిల్‌కి (దాదాపు ఒక రాష్ట్రమంత ప్రాంతం) ‘బి’, దాదాపు ఒక జిల్లా అంత ప్రాంతానికి ‘సి’. బిల్లు తీసి, పైన ఏ కంపెనీ పేరు అచ్చయిందో చూడండి. బిల్లే ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఫిర్యాదు ఆ పేరు మీదే వెళ్లాలి. కేబుల్ అతనితో ఎంత వాదించినా కాగితం మీద ఏమీ మిగలదు.

2. డాకెట్ నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టొద్దు

మొబైల్ ఫిర్యాదులకు 198కి చేయాలి, ఇది ఉచితం. విషయం చెప్పాక ‘నా ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు నంబరు) ఇవ్వండి’ అని అడగండి. ఆ నంబరు మెసేజ్‌గా రావాలి. అది లేకపోతే మీరు అసలు ఫిర్యాదే చేయనట్టు లెక్క. అమ్మ విషయంలో నేను చేసిన మొదటి తప్పు ఇదే. నాలుగుసార్లు మాట్లాడాను, ఒక్క నంబరూ చేతిలో లేదు.

ఒక కాగితం మీద తేదీ, సమయం, డాకెట్ నంబరు, వాళ్లు చెప్పిన జవాబు రాసుకోండి. డబ్బు కోసుకున్న మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనైతే మెసేజ్‌లు చెరిపేయొద్దని ముందే చెప్పండి, నిండిపోయాయని వాళ్లు అన్నీ తీసేస్తుంటారు.

అడగని కాలర్ ట్యూన్, క్రికెట్ అలర్టుల్లాంటివి ఆపడానికి 155223 అనే నంబరు ఉంది. ఇలాంటి సేవ ఏదైనా మొదలుపెట్టే ముందు వినియోగదారుడి నుంచి రెండుసార్లు అంగీకారం తీసుకోవాలని ట్రాయ్ 2013లో ఆదేశించింది. కాబట్టి ‘మీరే నొక్కారు’ అంటే, ‘రెండో అంగీకారం ఎప్పుడు, ఎలా ఇచ్చామో చూపించండి’ అని అడగండి. ఆ మాట వాడాకే మా అమ్మ డబ్బు వెనక్కి వచ్చింది.

బిల్లు తగాదాలకు మామూలుగా నాలుగు వారాలు, మరీ ఆలస్యమైతే ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టాలి.

3. అప్పీలు వేయండి

ఈ మెట్టు సంగతి చాలామందికి తెలియదు. కంపెనీ జవాబు నచ్చకపోయినా, గడువులోగా అసలు జవాబే రాకపోయినా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. 30 రోజుల్లో వేయాలి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఈమెయిల్ చేసినా, పోస్టులో పంపినా సరిపోతుంది. ఆ అప్పీలును ఇద్దరు సభ్యుల సలహా సంఘం చూస్తుంది. అందులో ఒకరు కంపెనీ మనిషైతే, రెండోవారు ట్రాయ్ దగ్గర నమోదైన వినియోగదారుల సంఘం నుంచి వచ్చినవారు. 39 రోజుల్లో నిర్ణయం చెప్పాలి.

అప్పీలు అధికారి చిరునామా టీసీసీఎంఎస్ అని ట్రాయ్ నడిపే ఫిర్యాదుల వెబ్‌సైట్లో దొరుకుతుంది. ఇక్కడ తెలంగాణ వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. టెలికాం లెక్కలో దేశాన్ని 22 సర్కిళ్లుగా విడగొట్టారు. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం సర్కిల్ మాత్రం ఒక్కటిగానే ఉండిపోయింది, దాని పేరు ఆంధ్రప్రదేశ్. ఆదిలాబాద్ వాళ్లయినా శ్రీకాకుళం వాళ్లయినా ఆ పేరు కిందే వెతకాలి. తెలంగాణ అని వెతికి, లేదనుకుని వదిలేసిన వాళ్లను నేను చూశాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఇక్కడి నంబరు వాడుతున్నవాళ్లు నంబరు ఏ సర్కిల్‌దో ఆ సర్కిల్‌కే రాయాలి.

ఉత్తరం పొడుగ్గా వద్దు. పేరు, నంబరు, డాకెట్ నంబరు, ఎంత పోయింది, ఏం కావాలి. నా రెండు పేజీల ఆవేశం కన్నా తర్వాత రాసిన ఆరు వాక్యాలే పనిచేశాయి.

4. అక్కడా కాకపోతే

ఒక దారి కేంద్ర ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే సీపీగ్రామ్స్ పోర్టల్లో టెలికాం శాఖకు ఫిర్యాదు పెట్టడం. డాకెట్, అప్పీలు వివరాలు జత చేయండి. లైసెన్సు ఇచ్చిన శాఖ నుంచి అడిగితే కంపెనీ స్పందించే తీరు వేరుగా ఉంటుంది.

రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. టెలిగ్రాఫ్ చట్టంలో ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి చేత తగవు తీర్పించుకోవడం) సెక్షన్ ఉంది కాబట్టి ఫోన్ తగాదాలు వినియోగదారుల కోర్టుకు రావని 2009లో సుప్రీంకోర్టు అన్న మాటను కంపెనీలు ఏళ్ల తరబడి అడ్డం పెట్టుకున్నాయి. తర్వాత అహ్మదాబాద్ కేసు ఒకటి వచ్చింది. అక్కడ ఒకాయనకు మామూలుగా నెలకు కొన్ని వందలు దాటని బిల్లు, 2013 నవంబరు, డిసెంబరు మధ్య ఒక్క నెలకి 24,609 రూపాయలు వచ్చింది. ఆయన వదల్లేదు. ఆ కేసు పైదాకా వెళ్లి, టెలికాం సేవలు కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పటికీ ఎవరైనా ‘ఫోన్ కేసులు ఇక్కడ తీసుకోరు’ అంటే ఈ తేదీ చెప్పండి.

మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య మొదలైనప్పటి నుంచి రెండేళ్లలో వేయాలి. మీ కేబుల్ ఇంటర్నెట్ కంపెనీ చిన్నదై దానికి అప్పీలు అధికారే లేకపోతే, మూడో మెట్టు వదిలేసి నేరుగా ఇక్కడికే రావచ్చు.

అపార్టుమెంటు మొత్తానికో కాలనీ మొత్తానికో ఒకే సమస్య ఉంటే ఇంకో అవకాశం ఉంది. వినియోగదారుల బృందానికీ కంపెనీకీ మధ్య తగాదాను టీడీశాట్ వింటుంది. కానీ అది ఢిల్లీలో ఉంది, ఖర్చు బేరీజు వేసుకోండి.

సిగ్నలే లేకపోతే

2024లో ట్రాయ్ తెచ్చిన సేవా నాణ్యత నిబంధనలు అందరికీ తెలియాలి. జిల్లాలో నెట్‌వర్క్ 24 గంటలకు మించి పడిపోతే పోస్టుపెయిడ్ వాళ్లకు ఆ మేరకు అద్దె తగ్గించాలి, ప్రీపెయిడ్ వాళ్లకు వ్యాలిడిటీ పొడిగించాలి. తుఫాను, వరదల్లాంటి వైపరీత్యాలకు ఇది వర్తించదు, కోస్తా వాళ్లు ఈ తేడా చూసుకోవాలి. నెట్‌వర్క్ పడిపోయిన రోజు, సమయం రాసి పెట్టుకుంటే తర్వాతి బిల్లులో తగ్గిందో లేదో సరిచూసుకోవచ్చు.

నంబరు మార్చకుండా కంపెనీ మార్చాలంటే

పెద్ద అక్షరాల్లో ‘పోర్ట్’ అని ఇంగ్లిషులో రాసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కి మెసేజ్ పంపండి. ఒక కోడ్ వస్తుంది. మన సర్కిల్లో అది నాలుగు రోజులు చెల్లుతుంది, దానితో కొత్త కంపెనీ షాపుకి వెళ్లాలి. పాత కంపెనీలో కనీసం 90 రోజులు ఉండి ఉండాలి, పోస్టుపెయిడ్ బకాయి ఉండకూడదు. సిమ్ పోయి కొత్తది తీసుకుంటే, 2024 జూలై 1 నుంచి వచ్చిన నియమం ప్రకారం ఏడు రోజుల దాకా కోడ్ ఇవ్వరు. కంపెనీ మార్చే ముందు పాత డాకెట్ నంబర్లు, బిల్లులు, స్క్రీన్‌షాట్లు దాచుకోండి. పాత కంపెనీ యాప్ పనిచేయడం ఆగిపోతే అవి మళ్లీ దొరకవు.