జర్మన్‌లో "డంకె" అన్నవాళ్లకు ఏం బదులివ్వాలి?

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా థ్యాంక్స్ అంటే "అయ్యో, దానికేటండీ" అనేసి ఊరుకుంటాం. ఇంట్లోవాళ్లయితే అసలు థ్యాంక్సే చెప్పుకోం. రాజాం నుంచో పలాస నుంచో నర్సింగ్ చదివి జర్మనీ వెళ్లేవాళ్లకు ఈ అలవాటే అడ్డం వస్తుంది. అక్కడ "డంకె", అంటే థ్యాంక్స్, అన్నాక నోటితో ఒక్క మాటైనా అనాలి. నవ్వి ఊరుకుంటే పెడసరంగా కనిపించవచ్చు.

ముందు "బిటె" ఒక్కటి పట్టుకోండి. రోగికైనా, పై అధికారికైనా, పక్కింటివాళ్లకైనా చెల్లుతుంది. రాతలో రెండు టీలు కనిపిస్తాయి కాబట్టి మనవాళ్లు "బిట్టె" అని ఒత్తేస్తారు. ఆ రెండు టీలు ముందున్న "ఇ"ని పొట్టిగా పలకమని చెప్పడానికే, ఒత్తడానికి కాదు. చివర గొంతు దించండి. పైకి లేపితే "ఏమన్నారూ?" అని అడిగినట్టవుతుంది, పాపం అవతలివాళ్లు మళ్లీ "డంకె" చెబుతారు.

చేసిపెట్టిన పనికి "గెర్నె" ఇంకా బాగుంటుంది, ఇష్టంగానే చేశానని. దీని నిండు రూపం "గెర్న్ గెషేఎన్". మధ్యలో హెచ్ రాస్తారు గానీ పలకరు. ఇది అయిపోయిన పనికే. మీరు "రేపు తెచ్చిస్తాను" అన్నప్పుడు వాళ్లు డంకె అంటే, ఉత్త "గెర్నె" చాలు.

ఇంగ్లిష్‌లోని వెల్‌కమ్‌ని తలచుకుని "విల్‌కొమెన్" అనకండి. అది గుమ్మంలోకి వచ్చిన అతిథికి చెప్పేది.

అసలు చిక్కు వార్డులో వస్తుంది. "మంచినీళ్లు కావాలా?" అని అడిగితే రోగి తల అడ్డంగా ఊపి "డంకె" అన్నారంటే వద్దని అర్థం. కావాలంటే "యా, బిటె" లేదా "యా, గెర్నె" అంటారు, "యా" అంటే అవును. తల ఊపింది సరిగా కనబడకపోతే ఇంకోసారి అడగండి. గ్లాసు నింపేసి చేతిలో పెట్టకండి.

"కైన్ ప్రొబ్లేమ్" స్నేహితుల మధ్య సరిపోతుంది, పెద్దవాళ్ల దగ్గర కాస్త తేలిగ్గా వినిపిస్తుంది. "కైనె ఊర్‌జఖె" మర్యాదైన మాటే, కొంచెం పాతకాలపు వాసన. ఉత్తర జర్మనీలో హాంబుర్గ్ వైపు "డా నిష్ట్ ఫ్యూర్", దక్షిణాన బవేరియాలోనూ పక్క దేశం ఆస్ట్రియాలోనూ "పస్ట్ షోన్" అంటారు, రెండూ పర్వాలేదులే అన్నట్టే. వింటే అర్థమైతే చాలు, మీరు అనాలని లేదు.

మీరే థ్యాంక్స్ చెప్పాల్సిన చోట వాళ్లే ముందు చెబితే "ఇష్ డంకె ఈనెన్" (నేనే మీకు థ్యాంక్స్ చెప్పాలి) అనండి, "ఇష్" మీద నొక్కి. నువ్వు అని పిలుచుకునేవాళ్లకైతే "ఈనెన్" బదులు "డీర్". "ష్" దగ్గర నాలుక మడవకండి, "హీ" అనబోయి గాలి వదిలినట్టు పలకండి.

శుక్రవారం సాయంత్రం "షోనెస్ వొఖెన్‌ఎండె" (వారాంతం హాయిగా గడవాలి) అన్నవాళ్లకు మాత్రం బిటె పనికిరాదు. అది శుభాకాంక్ష కాబట్టి "డంకె, గ్లైష్‌ఫాల్స్" (థ్యాంక్స్, మీకూ అలాగే) అని తిరిగి చెప్పాలి.